తల్లి పోయిన పిల్లలు ఏ లెక్కలోకి వస్తారు, మంత్రి గారూ?

గౌరవనీయులైన మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఆదరువు లేని పిల్లల్ని ఆదుకునే మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయలు ఎవరికి వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మా అక్క పిల్లలిద్దరికీ రాదని మీ ఆఫీసులో అన్నారు, అందుకే ఈ ఉత్తరం. "తండ్రి ఉన్నాడుగా, వీళ్ళు అనాథలు కారు" అన్నారు. సోమవారం అధికారులు తీసుకునే అర్జీల్లో మళ్ళీ పెట్టాం. కొన్నాళ్ళకి మీ సమస్య పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో అడుగుదామని వెళ్తే ఆ సీట్లో మనిషే మారిపోయారు. అక్క ఎలా పోయిందో, ఎప్పుడు పోయిందో మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. పక్కన పెద్దది నిలబడి వింటూనే ఉంది.

అక్క 2019లో కిడ్నీలు పాడై పోయింది. అప్పుడు పెద్దదానికి 8 ఏళ్ళు, చిన్నవాడికి ఇంకా 3 నిండలేదు. ఏడాది తిరక్కుండా మా బావ హైదరాబాద్ వెళ్ళి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఫోన్ ఎత్తడు. కోర్టు నుంచి గార్డియన్ కాగితం తెమ్మంటున్నారు. దానికి ఆయన్ని ఎక్కడని వెతకాలి? తల్లి పోయి తండ్రి వదిలేసిన పిల్లల మాట వాత్సల్య మార్గదర్శకాల్లో విడిగా లేదు, నిజమే. కానీ 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లలకు ఇవ్వొచ్చని అందులోనే ఉంది. కన్నవాళ్ళు వదిలేసిన పిల్లలు ఆ చట్టం కిందికి రారా? ఈ మాట ఒక్కసారి బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టి తేల్చమని అడుగుతున్నాను.

రెండో అభ్యంతరం మా ఆదాయం. మా ఆయన ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేస్తారు, నేను చిన్న ప్రైవేటు స్కూల్లో చెప్తాను. ఇద్దరిదీ కలిపి ఏడాదికి 96 వేలు దాటిందట. బియ్యం కార్డుకైతే పట్టణంలో నెలకు 12 వేల దాకా పేదలే అంటారు, వాత్సల్యకి మాత్రం నెలకు 8 వేలు దాటితే కాదంటారు. సింగ్‌నగర్‌లో అద్దె కట్టి, మా ఇద్దరు, అక్క ఇద్దరు, నలుగురు పిల్లల్ని 8 వేలతో పెంచగలిగేవాళ్ళు ఉంటే చూపించండమ్మా.

డబ్బు ఒక్కటే అయితే ఎలాగో నెట్టుకొచ్చేవాళ్ళం. పిల్లలకి అసలు ఏం జరుగుతోందో మీ శాఖలో ఎవరికీ పట్టకపోవడమే నా బాధ. అక్క పోయిన మొదటి ఏడాది పెద్దదాన్ని చూసి అందరూ మెచ్చుకున్నారు. ఏడవలేదు, తమ్ముడికి అన్నం తినిపించింది, మార్కులూ తగ్గలేదు. "పిల్ల గట్టిది, తట్టుకుంది" అన్నారు. రెండో ఏడాది దాటాక మొదలైంది. లెక్కల పేపర్ ముందు పెట్టుకుని ఒక్క ముక్క రాయకుండా వచ్చేది. ఏ పిల్లతోనూ స్నేహం నిలవదు, చిన్న మాటకే తెంచుకుంటుంది. తర్వాత తెలిసింది, అమెరికాలోని బోస్టన్‌లో వర్డెన్, సిల్వర్‌మన్ అనే ఇద్దరు అమ్మో నాన్నో పోయిన పిల్లల్ని రెండేళ్ళు గమనిస్తే, మొదటి ఏడాది కంటే రెండో ఏడాది చివరే ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయని. అంటే చుట్టాల రాకపోకలు ఆగిపోయి, టీచర్లు కూడా మర్చిపోయాక పిల్లలకి అసలు కష్టం బయటపడుతోంది. మన ఎంక్వైరీ మాత్రం ఒక్కసారి ఇంటికొచ్చి ఫోటో తీసుకుని వెళ్ళడంతో సరి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి నీళ్ళు మా సందులోకి వచ్చాయి. నష్టపరిహారం 25 వేలు ఇచ్చారు, ఆ మేలు మర్చిపోము. కానీ అక్క హాస్పిటల్ కాగితాలు, పెళ్ళి ఆల్బమ్, పెద్దది దాచుకున్న వాళ్ళమ్మ చీర, అన్నీ బురదలో పోయాయి. ఫ్రిజ్ పోయినందుకు మేం బాధపడుతుంటే ఆ పిల్ల ఆల్బమ్ అట్టల్ని ఎండలో పరిచి కూర్చుంది. ఇప్పుడు ఆఫీసుకి వెళ్తే ఒరిజినల్స్ కావాలంటారు. ఏటి ముంపు ఎక్కడి దాకా వచ్చిందో ప్రభుత్వానికి తెలియదా? డెత్ సర్టిఫికెట్ మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది కదా, ప్రతిసారీ పిల్లల చేత ఎందుకు మోయించడం?

చిన్నవాడికి తల్లి ముఖం గుర్తు లేదు. గుర్తు లేదు కాబట్టి వాడికి బాధ లేదనుకుంటారు అందరూ. నాకు జ్వరం వస్తే వాడు స్కూలుకి వెళ్ళడు. స్కూల్లో మీటింగ్ ఉండి ఆలస్యమైతే సందు చివర నిలబడి ఉంటాడు, ఎవరు పిలిచినా లోపలికి రాడు. ఇంట్లో నన్ను అమ్మా అంటాడు, బయట పిన్నీ అంటాడు. ఫారం నింపేటప్పుడు తల్లి పేరు దగ్గర ఏం రాయాలని అడుగుతాడు. 2024 డిసెంబరులో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, మంచి పనే. కానీ అమ్మలకి ముగ్గుల పోటీ అన్నప్పుడు ఈ పిల్లలు ఎక్కడ నిలబడాలో ఒక్క మాట ముందుగా టీచర్లకి చెప్పి ఉంటే బాగుండేది. వాడు ఆ రోజు కడుపునొప్పి అన్నాడు.

ఇది పెద్దయ్యాక పోయేది కూడా కాదు. మా ఆయనకి 10వ ఏట తండ్రి పోయారు. చదువు మానేసి షెడ్డులో పనికి చేరారు. ఇప్పుడు నలభై దాటాయి. షుగర్ టెస్ట్ చేయించుకోమంటే హాస్పిటల్ గుమ్మం ఎక్కరు. వాళ్ళ నాన్న పోయిన వయసుకి తనకి ఇంకెన్నేళ్ళు ఉందో లెక్కపెట్టుకుంటూ ఉంటారు. పుట్టినరోజు వస్తే ఇంట్లో టెన్షన్. ఇదంతా ఆయన స్వభావం అనుకున్నాను ఇన్నాళ్ళూ. డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల్లో 70 లక్షలకు పైగా జనాల రికార్డులు చూసి 2014లో ఒక అధ్యయనం వచ్చింది. 18 ఏళ్ళ లోపు తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవాళ్ళు చిన్న వయసులోనే చనిపోయే ప్రమాదం మిగతావాళ్ళకంటే 50 శాతం ఎక్కువని తేలింది. ఆస్పత్రులూ పెన్షన్లూ అంత బాగుండే దేశాల్లోనే ఇలా ఉందంటే, మన వాంబే కాలనీలో, రాజరాజేశ్వరి పేటలో, గుంటూరు మిర్చి యార్డు హమాలీల ఇళ్ళల్లో ఉన్న పిల్లల మాటేమిటి?

అలాగని చేయగలిగింది లేదనుకోవద్దు. అమెరికాలోని అరిజోనాలో అమ్మో నాన్నో పోయిన పిల్లల్నీ, వాళ్ళని చూసుకుంటున్న పెద్దల్నీ వారానికోసారి చొప్పున 12 వారాలు కూర్చోబెట్టి మాట్లాడించారు. ఇంట్లో ఎలా మాట్లాడుకోవాలో, కోపం వస్తే ఏం చేయాలో నేర్పారు. 15 ఏళ్ళ తర్వాత చూస్తే అందులో లేని పిల్లలకంటే ఆ పిల్లల్లో డిప్రెషన్ తక్కువగా ఉంది. దానికి కోట్లు ఖర్చు కాదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో కౌన్సెలర్ పోస్టు ఉంది కదా. ఆ మనిషిని మా ఇళ్ళకి పంపండి. ఒక్కసారి కాదు, వస్తూ ఉండాలి, అదే మనిషి రావాలి. మనసు బాగోకపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేసుకోమని చెప్తారు. 9 ఏళ్ళ పిల్లాడు ఫోన్ చేసి మా పిన్ని కూడా చచ్చిపోతుందేమోనని భయంగా ఉందని చెప్తాడా?

అమ్మా, నేను గొడవ పెట్టుకోవడానికి రాయలేదు. మా పెద్దది వచ్చే ఏడాది పదో తరగతికి వస్తుంది. 18 దాటితే వాత్సల్య ఎలాగూ వర్తించదు, ఎంక్వైరీ పేరుతో మీవాళ్ళు పోగొట్టే ప్రతి నెలా దానికి తిరిగి రాదు. తండ్రి వదిలేసిన పిల్లల్ని ఏ లెక్క కింద చేర్చుకుంటారో జిల్లాలకి రాతపూర్వకంగా ఒక ఉత్తర్వు ఇవ్వండి. పెంచుతున్న పిన్ని, అమ్మమ్మల ఆదాయం చూసి పిల్లల్ని తోసేయకండి. ఒకసారి ఇచ్చిన కాగితాలు మళ్ళీ అడగొద్దని చెప్పండి. దయచేసి కౌన్సెలర్‌ని పంపండి. మా అర్జీ ఎందుకు మూసేశారో, ఎవరు మూసేశారో కాగితం మీద రాసి ఇప్పించండి. మెసేజ్ వద్దు.

ఇట్లు,
ఇద్దరు అక్క పిల్లల్ని పెంచుతున్న ఒక పిన్ని,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ