మంత్రి గారూ, కట్టేముందే విప్పే దారి అడగండి

గౌరవనీయులైన గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కూల్చిన భవనాల కాంక్రీటును పిండి చేసి రోడ్ల కింద పరిచి, దాన్నే సర్క్యులర్ ఎకానమీ (వాడిన వస్తువును పారేయకుండా మళ్లీ మళ్లీ వాడే పద్ధతి) అని చెప్పుకోవడం ఈమధ్య ఎక్కువైంది. చెత్తకుప్పలో పడేయడం కన్నా నయమే. కానీ దూలం మళ్లీ దూలంగా, ఇటుక మళ్లీ ఇటుకగా పనికొస్తేనే కదా అసలు లాభం!

అందుకు ఏ సామాను ఎంచుకున్నామన్నది ఎంత ముఖ్యమో, దాన్ని పక్కదానితో ఎలా కలిపామన్నది అంతకన్నా ముఖ్యం. ఇటుక గోడనే చూడండి. ఇటుకల మధ్య అతికించే సున్నం మాలు ఇటుక కన్నా మెత్తన. సుత్తితో నాలుగు తడితే మాలు రాలిపోయి ఇటుక పగలకుండా చేతికొస్తుంది. గట్టి సిమెంటు మాలు అయితే వదలదు, ఇటుకే పగులుతుంది. కోపెన్‌హాగన్‌లో రిసోర్స్ రోస్ అనే ఇళ్లు కట్టినప్పుడు ఆర్కిటెక్టులకు ఇదే చిక్కొచ్చింది. ఇటుకలు విడివిడిగా రావని, పాత గోడల్నే పలకలుగా కోయించి కొత్త గోడలకు బిగించారు. చూడటానికి బాగుంటుంది, నిజమే. మొదట కట్టినవాళ్లు కాస్త ఆలోచించి ఉంటే ఆ కోత ఖర్చు తప్పేది.

స్టీలూ అంతే. వెల్డింగ్ చేస్తే కోయాలి, బోల్టు వేస్తే విప్పొచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2016లో తెరిచిన తాత్కాలిక కోర్టు భవనాన్ని విప్పడానికి వీలుగానే డిజైన్ చేశారు. కోర్టు అవసరం తీరాక దాన్ని విప్పి, వేరే ఊళ్లో ఆఫీసుల కోసం మళ్లీ నిలబెట్టారు.

కాబట్టి ప్లాన్ అప్రూవల్‌కు ఇంకొక్క డ్రాయింగ్ అడగండి. ఏ భాగాన్ని దేనితో బిగించారు, ఏ వరుసలో విప్పాలి అన్నది అందులో ఉండాలి. పైపులు, వైర్లు గోడల కన్నా ముందే పాడవుతాయి గనుక, వాటిని కాంక్రీటులో పూడ్చొద్దని కూడా రాయించండి.

రెండోది టెండర్ల సంగతి. ‘సామానంతా కొత్తదే ఉండాలి’ అన్న ఒక్క షరతుతో పాత స్టీలూ, పాత కలపా గేటు దగ్గరే ఆగిపోతాయి. అలాగని కళ్లు మూసుకుని వాడమనడం లేదు. పాత దూలానికి సర్టిఫికెట్ లేకపోతే ఏ ఇంజినీరూ సంతకం పెట్టడు, పెట్టకూడదు కూడా. ఆ పరీక్షలకయ్యే ఖర్చు, సమయం ఎస్టిమేట్‌లోనే చూపిస్తే ఆ టెన్షన్ ఉండదు.

పాతవాటిని కూల్చే పద్ధతీ మారాలి. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరం 1916లో గానీ అంతకుముందు గానీ కట్టిన ఇళ్లను యంత్రాలతో కూల్చేయకుండా, భాగాలుగా విప్పాలని 2016లోనే నిబంధన పెట్టింది. తర్వాత దాన్ని 1940 వరకు కట్టిన ఇళ్లకూ వర్తింపజేసింది. విప్పడానికి రోజులెక్కువ పడతాయి. కూల్చివేత అనుమతిలో ఆ గడువు ఇవ్వాల్సింది మీ శాఖే.

మీ శాఖ పిలవబోయే తర్వాతి టెండర్‌తోనే మొదలుపెట్టించండి. ప్రైవేటు బిల్డర్ల సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

ఇట్లు,
ఒక ఆర్కిటెక్ట్