ప్రయాణ సమయం లెక్కించేటప్పుడు

అందరికీ నమస్కారం. విమాన ప్రయాణం ఎంతసేపో తెలుసుకోవడానికి టికెట్‌పై ఉన్న రెండు సమయాలను నేరుగా తీసివేయకండి. మొదటిది బయలుదేరే ఊరి సమయం, రెండోది దిగే ఊరిది. రెండింటినీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా ఉండే ప్రామాణిక సమయంలోకి, మార్చాకే తీసివేయాలి.

జులైలో ఒక శనివారం సాయంత్రం 5 గంటలకు టోక్యోలో విమానం ఎక్కి, అదే శనివారం ఉదయం 11కి లాస్ ఏంజెలిస్‌లో దిగారనుకుందాం. కాలం వెనక్కి వెళ్లినట్టుంది కదా! టోక్యో యూటీసీ కంటే 9 గంటలు ముందుంటుంది, కాబట్టి యూటీసీ ప్రకారం బయలుదేరింది 8:00కి. లాస్ ఏంజెలిస్ వేసవిలో 7 గంటలు వెనుక, అంటే చేరింది 18:00కి. ప్రయాణం 10 గంటలు.

శీతాకాలంలో లాస్ ఏంజెలిస్ 8 గంటలు వెనుకబడుతుంది, టోక్యో మాత్రం మారదు. అందుకే దయచేసి ప్రయాణ తేదీ నాటి తేడానే చూడండి, ఈరోజుది కాదు. కొన్ని తేడాల్లో నిమిషాలూ ఉంటాయి, నేపాల్‌ది 5 గంటల 45 నిమిషాలు; వాటిని వదిలేయకండి.