ఎంపిక బల్ల దగ్గర ఎవరున్నారు?

సంపాదకుల వారికి,

నమస్కారం. విశ్వవిద్యాలయాల కళోత్సవాలలో ఇంతకాలం తగిన చోటు దక్కని వర్గాల కళాకారులకు ప్రత్యేక ప్రాధాన్యం ఇస్తున్నట్టు ఈమధ్య తరచుగా వార్తలు చదువుతున్నాను. బధిరులు, అంధులు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు, శరణార్థుల పిల్లలు, మాట్లాడేవారు తగ్గిపోతున్న భాషల కవులు, తమ కుటుంబంలో మొదటిసారిగా కళాశాల గడప తొక్కినవారు వేదిక ఎక్కడం సంతోషించవలసిన విషయమే. అయితే ఆ వార్తలలో ఎవరు పాడారో, ఎవరు ఆడారో ఉంటోంది గాని, వారిని ఎంచినవారెవరన్నది ఉండటం లేదు. నా దృష్టిలో అసలు సంగతి అక్కడే ఉంది కనుక దాని గురించే ఈ లేఖ రాస్తున్నాను.

అధ్యాపకుడిగా పనిచేసిన కాలంలో కొన్నేళ్లు నేను ఇటువంటి ఉత్సవాల ఎంపిక సంఘంలో సభ్యుణ్ణి. ఒక ఏడాది ఒక విద్యార్థిని తన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పనిపాటలను వారి ఇంటి మాండలికంలోనే, ఏ వాద్యమూ లేకుండా పాడి వినిపించింది. ఉచ్చారణ స్పష్టంగా లేదనీ, వేదికకు తగిన తయారీ కనిపించలేదనీ రాసి ఆమె దరఖాస్తును పక్కన పెట్టాము. ‘పెట్టాము’ అని బహువచనంలో చెబుతున్నాను గాని, ఆ మాట రాసిన చెయ్యి నాదే. ఆ మాండలికం వినే అలవాటు మా చెవులకు లేకపోవడాన్ని ఆమె ఉచ్చారణ లోపంగా లెక్కగట్టామని గ్రహించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ మాట ఇంట్లో మాట్లాడుకునే మనిషి ఒక్కరు ఆ బల్ల దగ్గర కూర్చుని ఉంటే నిర్ణయం మారేదో లేదో చెప్పలేను; ఆ వాక్యం రాయడానికి మాత్రం నాకు చెయ్యి ఆడేది కాదు.

ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. కొలబద్ద ఎప్పుడూ తమ చేతిలోనే ఉన్నవారికి అది తమ అలవాటు నుంచి పుట్టిందన్న అనుమానమే రాదు. పారిస్‌లో 1863లో ప్రభుత్వ చిత్రకళా ప్రదర్శనకు వచ్చిన చిత్రాలలో అధిక భాగాన్ని న్యాయనిర్ణేతలు తోసిపుచ్చగా, చిత్రకారులు గగ్గోలు పెట్టిన మీదట మూడవ నెపోలియన్ చక్రవర్తి తిరస్కృత చిత్రాలకు వేరే ప్రదర్శన పెట్టించాడు. తరువాతి కాలంలో పేరుమోసిన మానే, విస్లర్, పిస్సారోల చిత్రాలు ఆ గోడల మీదే ఉన్నాయి. చూడవచ్చిన జనంలో చాలామంది వాటిని చూసి నవ్వుకుని వెళ్లారు. ఈ ఘట్టాన్ని తిరస్కృతుల విజయగాథగా చెప్పుకోవడం పరిపాటి. నాకు మాత్రం, ఆ ఏడాది వారికి దక్కింది వేరే గదే తప్ప పునర్విచారణ కాదన్న సంగతే ఎక్కువగా గుర్తుంటుంది. ఉత్సవ కరపత్రంలో ‘ప్రత్యేక వేదిక’ అన్న మాట కనబడినప్పుడల్లా, అది ఏ భవనంలో ఉందో, కార్యక్రమం ఏ వేళకు పెట్టారో వెతికి చూడటం నాకు అలవాటైపోయింది. జనం పలచగా ఉండే మిట్టమధ్యాహ్నం, ప్రధాన సభామందిరానికి దూరంగా ఉన్న ఒక తరగతి గది కేటాయించి ఉంటే, ఆ గౌరవం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

కళకు ప్రతిభే కొలమానం కావాలి, కళాకారుడి పుట్టుపూర్వోత్తరాలతో పనేమిటని కొందరు మిత్రులు అడుగుతారు. అది తీసిపారేయవలసిన ప్రశ్న కాదు. బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా 1952లో వాద్యకారులను తెర వెనుక కూర్చోబెట్టి పరీక్షించడం మొదలుపెట్టింది. తరువాతి దశాబ్దాలలో అమెరికాలోని ఇతర ప్రముఖ వాద్యబృందాలు అదే దారి పట్టాయి. చెప్పుల చప్పుడును బట్టి స్త్రీయో పురుషుడో పోల్చుకోకుండా కొన్నిచోట్ల తివాచీలు కూడా పరిచారు. ఆ తెర వల్ల స్త్రీలకు ఎంత మేలు జరిగిందన్న లెక్కపై పరిశోధకులలో వాదం ఉన్నా, ప్రతిభను చూస్తున్నామనుకునే కళ్లు ఇంకేమేమి చూస్తుంటాయో అది బయటపెట్టింది. అయినా తెర మేలు చేసేది తెర దాకా రాగలిగినవారికే. చిన్ననాటి నుంచి గురువు, వాద్యం, సాధనకు తీరిక దొరకనివారు ఆ గదిలోకే రారు. అందుచేత దరఖాస్తుల పెట్టె ముందు ఎదురుచూస్తూ కూర్చుని, ఎవరూ రాలేదండీ అనడం నిర్వాహకులకు తగదు. వెతుక్కుంటూ వెళ్లాలి, ఎక్కడ వెతకాలో తెలిసినవారిని సంఘంలోకి తీసుకోవాలి.

అధికారం పంచుకోవడమంటే ఏమిటో విశ్వవిద్యాలయాల చరిత్రలోనే ఒక పాఠం ఉంది. వాషింగ్టన్‌లోని గాలొడెట్ బధిరుల కోసం 1864లో ఏర్పడిన ఉన్నత విద్యాసంస్థ. 1988లో పాలకమండలి మళ్లీ వినికిడి గల వ్యక్తినే అధ్యక్ష పదవికి ఎంపిక చేయడంతో విద్యార్థులు తరగతులు స్తంభింపజేసి ఉద్యమించారు. వారం తిరిగేలోగా మొదటిసారిగా ఒక బధిరుడు అధ్యక్షుడయ్యాడు. అంటే ఎవరి కోసం ఆ సంస్థ పుట్టిందో వారిలో ఒకరు దానికి పెద్ద కావడానికి 124 ఏళ్లు పట్టింది.

వేదిక దక్కిన తరువాత మరో చిక్కు మొదలవుతుంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. విముక్తి పొందిన నల్లజాతివారి చదువు కోసం అమెరికాలోని నాష్‌విల్‌లో 1866లో ఆరంభమైన ఫిస్క్ విద్యాసంస్థ అప్పుల్లో మునిగినప్పుడు, 1871లో తొమ్మిదిమంది విద్యార్థులు పాటలు పాడి నిధులు తెచ్చేందుకు బయలుదేరారు. వారిలో ఎక్కువమంది బానిసత్వంలో పుట్టినవారే. మొదట్లో వారు శ్వేతజాతి శ్రోతలకు అలవాటైన పాటలే ఎక్కువగా పాడేవారు. బానిసలుగా బతికిన తమ పెద్దల భక్తిగీతాలను పరాయి జనం ముందు పాడటానికి వారికి మనసొప్పలేదు. అవి వారికి పవిత్రమైనవి, పైగా ఆ చీకటి రోజుల జ్ఞాపకాలు. చివరికి జనాన్ని కదిలించినవి ఆ పాటలే, ఆ రాబడితో విద్యాసంస్థకు జూబిలీ హాలు అనే భవనమూ లేచింది. కాని మొదటి ఆ సంకోచాన్ని మనం మరిచిపోకూడదు. ఏ పాట బయటికి తేవాలి, ఏది ఇంట్లోనే దాచుకోవాలి అన్నది పాట గలవారు తేల్చుకోవలసిన విషయం. నేటి ఉత్సవాలు అందుకు ఎంత చోటిస్తున్నాయి? శరణార్థి కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి వలస కష్టాలే చెప్పాలని, వీల్‌చైర్‌లో వచ్చిన కవయిత్రి తన శరీరం గురించే రాయాలని ఆశిస్తాము. ఆమె వర్షం మీద పద్యమో, ప్రొఫెసర్ల మీద ప్రహసనమో తెస్తే, ‘అంశానికి సరిపోలేదు’ అంటాము. దుఃఖం చూపిస్తేనే లోపలికి రానిస్తామనడం కొత్త రకం గడపే.

వీల్‌చైర్ ప్రస్తావన వచ్చింది గనుక ఒక మాట. చాలా సభామందిరాలలో ప్రేక్షకుల ద్వారం దగ్గర ర్యాంపు ఉంటుంది, వేదిక ఎక్కడానికి మాత్రం మెట్లే ఉంటాయి. వారు చూడటానికి వస్తారని ఊహించిన మనం, ఆడటానికి వస్తారని ఊహించలేదన్నమాట! వికలాంగుల హక్కులపై 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడిక 30వ అధికరణం వారి సృజనశక్తి వికసించే అవకాశం కల్పించాలంటుంది. అది వారి మేలుకే కాక సమాజాన్ని సంపన్నం చేయడానికి కూడా అని స్పష్టంగా చెబుతుంది. సంజ్ఞాభాషలకూ, బధిర సంస్కృతికీ గుర్తింపు పొందే హక్కు కూడా అందులోనే ఉంది. ఇక బయటినుంచి పిలిపించిన కళాకారులకు ‘అవకాశమే పారితోషికం’ అని చెప్పే దురలవాటు సంగతి చెప్పనే అక్కరలేదు. మైకువారికి, షామియానావారికి ఎవరూ ఆ మాట చెప్పరు.

విశ్వవిద్యాలయాలకు నా విన్నపం పెద్దదేమీ కాదు. ఏ వర్గాల పేరున ఉత్సవం జరుపుతున్నారో ఆ వర్గాలవారు ఎంపిక సంఘంలో ఒక్కరుగా, అలంకారంగా కాక, మాట చెల్లేంత సంఖ్యలో ఉండాలి. సంఘ సభ్యుల పేర్లను కార్యక్రమ పట్టికతో పాటే ప్రకటించాలి. తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకూ కారణం రాసి, దానిని ఆ అభ్యర్థికి అందజేయాలి. నాడు నేను రాసిన వాక్యం ఆ అమ్మాయి చేతికి వెళ్తుందని తెలిసి ఉంటే, సంతకం చేసే ముందు ఆ పాట మరొక్కసారి విని ఉండేవాణ్ణి. ఇక మీ విలేకరులకూ ఒక మనవి: ఈసారి ఇటువంటి ఉత్సవం గురించి రాసేటప్పుడు, వేదిక మీది ఫొటోతో పాటు ఎంపిక సంఘంలో ఎవరెవరు ఉన్నారో కూడా అడిగి ప్రచురించండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు