ఆలుగడ్డ చేన్ల జింక్‌ని డీఏపీతో కలపొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది జహీరాబాద్ దగ్గర ఒక ఊరు. ఎర్ర చెల్కలు, దసరా దాటితే ఆలుగడ్డ పెడతం. పెట్టే టైం దగ్గర పడ్డది కాబట్టి ఈ విషయం రాస్తున్న, దయచేసి వెయ్యండి.

పోయిన ఏడు నెల దాటిన చేన్ల కొనాకులు సన్నగ చిన్నగ వచ్చి పైకి దొప్పల లెక్క ముడుసుకున్నయి, మీద ఇటుక రంగు మచ్చలు, చెట్టు ఎదగలే. దుకాణంల చూపిస్తే వైరస్ అన్నరు, తెల్లదోమ మందు రెండు సార్లు కొట్టిన, పైసలు పోయినయి గానీ ఏం మారలే. వైరస్ మామూలుగా అక్కడో చెట్టు ఇక్కడో చెట్టు మొదలైతది, నాదేమో మడి మడంతా ఒక్క తీరుగ ఉన్నది, అది నాకు అప్పుడు తట్టలే.

మట్టి టెస్ట్ చేయిస్తే జింక్ 0.4 పీపీఎం (పది లక్షల పాళ్ల మట్టిల 0.4 పాలు) అని వచ్చింది, 0.6 కన్న తక్కువుంటే లోపమే. భాస్వరం మాత్రం మస్తు ఉన్నది, ఏటా భాస్వరం ఉండే డీఏపీ ఎరువు పోస్తిమి కదా, భాస్వరం అంత ఎక్కువైతే చెట్టుకి జింక్ అందది. జింక్ లేకుంటే ఆకు పెరగది, ఆకు పెరగకుంటే గడ్డలకు పిండి ఎక్కడికెళ్లి దిగుతది?

అప్పుడు కూడా తొందరపడి జింక్ సల్ఫేట్‌ని డీఏపీ నీళ్లల్ల కలిపిన. బకెట్ల నీళ్లు పాల లెక్క తెల్లగైనయి, కాసేపటికి అడుగున సున్నం లెక్క పేరుకున్నది, అది చెట్టుకి పనికిరాదు. అదంతా పారబోసి, లీటరు నీళ్లకు 2 గ్రాములు ఒక్క జింక్ సల్ఫేటే వారానికోసారి రెండు సార్లు కొడితే కొత్త ఆకులు సాఫ్‌గ విచ్చుకున్నయి, కానీ ఆలస్యమైంది, సగం గడ్డలు గోలీలంతే.

అందుకే ముందే టెస్ట్ చేయించుకోండి, లోపం ఉంటే ఆఖరి దుక్కిల ఎకరానికి 10 కిలోల జింక్ సల్ఫేట్ పశువుల ఎరువుతోని వెయ్యండి, డీఏపీ రెండు మూడు రోజులాగి వేరే వెయ్యండి. 10 కిలోలంటే 21 శాతం జింక్ ఉన్న రకం లెక్క, 33 శాతం రకమైతే ఆరు కిలోల పైచిలుకు చాలు, బస్తా మీద చూసుకోండి. ఒక్కసారి వేస్తే రెండు మూడు పంటలకు వస్తది, ఏటా అక్కర్లే.

అధికారులకు ఒక మనవి. 2015ల వచ్చిన సాయిల్ హెల్త్ కార్డుల 12 పరీక్షలున్నయి, అండ్ల జింక్ కూడా ఉన్నది. ఆలుగడ్డ ఊర్లకు ఆ రిజల్ట్ దసరా లోపలే ఇచ్చి, రైతు వేదికల కూసోబెట్టి ఎవరి చేన్ల ఎంతున్నదో చదివి చెప్పాలె.

- ఒక ఆలుగడ్డ రైతు, సంగారెడ్డి జిల్లా