అక్షరం దేనివల్ల అరిగిందో ముందు తేల్చుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

పాతకాలం సంగతులు వేసినప్పుడల్లా మీ ఆదివారం అనుబంధంలో శీర్షికను వెలిసిపోయిన, గీతలు పడ్డ అక్షరాల్లో ఇస్తున్నారు. ఆలోచన మంచిదే. పుస్తకాల ముఖచిత్రాలు చేసేదాన్ని కాబట్టి నా కళ్లు ముందు వాటి మీదికే పోతాయి. ఈ మధ్య వచ్చిన ఒక శీర్షికలో ఎన్ని ‘ర’లు ఉన్నాయో అన్నిటికీ ఎడమవైపు ఒకే చోట, ఒకే ఆకారంలో చిల్లు ఉంది. అరిగినట్టు ముందే గీసిపెట్టిన ఫాంట్ వాడితే ఇలాగే అవుతుంది. నిజంగా అరిగిన రెండు అక్షరాలు ఎప్పుడూ ఒకలా ఉండవు. మామూలు ఫాంట్‌లోనే టైప్ చేసి, అరుగుదలను విడిగా తెచ్చిపెట్టుకోవడం మేలు.

అసలు ఆ అక్షరం దేనివల్ల పాడైందన్నది ముందు తేల్చుకోవాలి. గోడ మీద పెయింట్ అయితే అంచుల దగ్గర పెచ్చులూడుతుంది. ఎత్తుగా ఉన్న అచ్చక్షరాలకు ఇంకు పూసి కాగితం మీద నొక్కే పాత లెటర్‌ప్రెస్ అచ్చులో ఒత్తిడికి ఇంకు అంచులకు చేరుతుంది కాబట్టి అంచు గట్టిగా ఉంటుంది, మధ్యలో తెల్లటి చుక్కలు పడతాయి. ఎండకు వెలిసిన పోస్టర్ సంగతి వేరు. అందులో అక్షరం ఆకారం చెక్కుచెదరదు, రంగు మాత్రమే మారుతుంది. పసుపు, మెజెంటా ఇంకులు ముందు పోయి నీలం, నలుపు మిగులుతాయి. పాత పోస్టర్లు నీలంగా కనబడేది అందుకే. వెలిసినట్టు చూపించాలనుకుని దాని మీద గీతలు చల్లితే ఎండా కాదు, రాపిడీ కాదు అన్నట్టు తయారవుతుంది. ఒపాసిటీ, అంటే అక్షరం గాఢత, తగ్గించి ఊరుకున్నా చాలదు. అక్షరం పలచబడుతుందే తప్ప పాతబడదు.

ఇక చేసే పద్ధతి. దయచేసి చెరిపే పనిముట్టు ఎరేజర్‌ను ముట్టుకోవద్దని మీ డిజైనర్లకు చెప్పండి. ఫొటోషాప్‌లో టెక్స్ట్ లేయర్ (అక్షరాలు టైప్ చేసిన పొర) మీద ఎరేజర్ వాడాలంటే ముందు దాన్ని రాస్టరైజ్ చేయాలి, అంటే అక్షరాలను ఉత్త బొమ్మగా మార్చాలి. ఆ తర్వాత అచ్చుతప్పు కనిపిస్తే దిద్దే దారే ఉండదు. పత్రికలో ఆఖరి నిమిషంలో శీర్షిక మారడం ఎంత మామూలో మీకు తెలియనిది కాదు. దానికి బదులు లేయర్ మాస్క్, అంటే పొరను చెరపకుండా కొంత భాగాన్ని దాచే ముసుగు, పెట్టుకోవాలి. మాస్క్‌లో నలుపు దాస్తుంది, తెలుపు చూపిస్తుంది. సిమెంటు గోడదో తుప్పు పట్టిన రేకుదో ఫొటో తీసి, రంగు తీసేసి, లెవెల్స్ అనే సర్దుబాటుతో నలుపు తెలుపులు బాగా విడిపోయేలా చేసి ఆ మాస్క్‌లో పేస్ట్ చేస్తే చాలు. టెక్స్ట్ టెక్స్ట్‌గానే ఉంటుంది. లేయర్‌కీ మాస్క్‌కీ మధ్య ఉన్న గొలుసు గుర్తు తీసేస్తే అక్షరాలను కదపకుండా మరకలను మాత్రమే జరుపుకోవచ్చు. ఉచితంగా దొరికే గింప్ సాఫ్ట్‌వేర్‌లో కూడా లేయర్ మాస్క్ పెట్టుకోవచ్చు.

ఈ జరపడమన్నది తెలుగుకు చాలా అవసరం. ఇంగ్లిష్ అక్షరం సగం పోయినా చాలాసార్లు పోల్చుకోగలం. మనకు సున్నా పోతే ‘బండి’ కాస్తా ‘బడి’ అవుతుంది. కొమ్ము, దీర్ఘం, ఒత్తు ఎంతో చిన్నవి; మరక వాటి మీద పడితే మాటే మారిపోతుంది. అక్కడ తెల్ల బ్రష్‌తో మాస్క్ మీద దిద్ది ఆ గుర్తులను వెనక్కి తెచ్చుకోవాలి. వెడల్పుగా ఉండే కడుపు భాగాలను ఎంత అరగదీసినా ఇబ్బంది లేదు.

చివరిగా ఇంకొకటి. స్క్రీన్ మీద ముచ్చటగా కనిపించే సన్నటి చుక్కలు న్యూస్‌ప్రింట్ మీద నిలవవు. ఆ కాగితం ఇంకును పీల్చుకుని పరుస్తుంది, చుక్కలు పూడిపోతాయి. మిగిలింది చూసి పాఠకులు అచ్చు సరిగా పడలేదనుకుంటారు. చుక్కలు కాస్త పెద్దవి, తక్కువగా పెట్టుకుని, అసలు సైజులో అదే కాగితం మీద ప్రూఫ్ తీసి చూశాకే పేజీ వదలమని మీ డిజైనర్లకు చెప్పగలరు.

ఇట్లు,
ఒక ముఖచిత్ర డిజైనర్