మాక్సిమా క్లామ్ అడుగుతున్నవాళ్లకు

మా అక్వేరియం షాపుకి నీలం అంచుల క్లామ్ (సముద్రపు ఆల్చిప్ప) ఫోటో పంపి "ఇది తెప్పించి పెడతారా?" అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడే చెప్పేస్తున్నాను: తెప్పించం. ట్యాంకులో అలంకరణకని ఖాళీ చిప్ప కూడా అమ్మం.

ఆ ఫోటోల్లో ఎక్కువగా ఉండేది ట్రైడాక్నా మాక్సిమా. మన దగ్గర లక్షద్వీప్, అండమాన్ నికోబార్ పగడపు దిబ్బల మీద ఉంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే ఇదీ ఉంది. "బయట దొరుకుతోంది కదా" అంటారు. దొరకొచ్చు. కేసయితే అమ్మినవాళ్లతో పాటు కొన్నవాళ్లూ ఇరుక్కుంటారు.

చట్టం సంగతి పక్కన పెట్టినా, అదెలా బతుకుతుందో తెలిశాక నాకైతే అమ్మబుద్ధి కాదు. చాలా ఆల్చిప్పల్లాగా ఇసుకలో దాక్కోదు. లోతు తక్కువగా ఉండి ఎండ బాగా పడే చోట పగడపు రాతిని మెల్లగా తొలుచుకుని, అందులో కొంతమేర దిగబడి కూర్చుంటుంది. అడుగు నుంచి గట్టి పోగులు వదిలి రాయిని పట్టుకుంటుంది. తియ్యాలంటే రాయి పగలగొట్టాల్సిందే. బలవంతంగా లాగితే పోగులు మొదలయ్యే చోట కండ చిరుగుతుంది, అలాంటివి ట్యాంకులో బతకడం కష్టం.

దానికి ఎండే సగం వంటిల్లు. చిప్ప బయటికి పరుచుకునే మెత్తటి అంచులో, కడుపు నుంచి పాకిన సన్నని గొట్టాల్లో నాచు కణాలు ఉంటాయి. ఎండలో అవి తయారుచేసే చక్కెరలో పెద్ద వాటా దీనికే. మనం మోజుపడే ఆ నీలం కూడా రంగు పదార్థం కాదు, కొన్ని కణాలు వెలుగును వెనక్కి తిప్పడం వల్ల కనిపించేది. అంచు వెంబడి చిన్న చిన్న నల్ల చుక్కలుంటాయి చూడండి, అవి కళ్లు! చెయ్యి నీడ పడితే చాలు, అంచు లోపలికి లాగేసుకుంటుంది.

ఇంకోటి, ఇవి కదలలేవు కాబట్టి వీర్యాన్నీ గుడ్లనూ నీళ్లలోకే వదులుతాయి. దగ్గర్లో తోడు లేకపోతే అవి చాలావరకు వృథా. అందుకే దిబ్బ మీద కొన్నిటిని తీసేస్తే మిగిలినవాటికీ సంతానం కష్టమవుతుంది.

వ్యాపారానికి ఇది దెబ్బే, దాచేదేముంది. క్లామ్ లేదనగానే లైట్లు, ట్యాంకు నీళ్లలో మురికి తీసే స్కిమ్మర్ కూడా కొనకుండా వెళ్లిపోతున్నవాళ్లు ఉన్నారు. ప్రస్తుతానికి హేచరీలో (చేపపిల్లల్ని పుట్టించి పెంచే చోట) పుట్టిన క్లౌన్ ఫిష్ మీద దృష్టి పెట్టాం. కావాలంటే ముందే చెప్పండి, జత పక్కన పెడతాను. క్లామ్ కోసమని అడ్వాన్స్ మాత్రం పంపకండి, తిరిగి పంపడానికే టైమంతా పోతోంది.