శీర్షికలోనే సంగతి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఫోన్‌లో వార్తలు తెరిస్తే 'షాక్', 'సంచలనం', 'ఏం జరిగిందంటే' తప్ప అసలు విషయం శీర్షికలో ఉండడం లేదు. మొన్న రాత్రి 'పింఛనుదారులకు బిగ్ అలర్ట్' అని చూసి మా అమ్మ కంగారుపడి నన్ను నిద్ర లేపింది, ఇద్దరం ప్రకటనలన్నీ దాటుకుంటూ కిందికి వెళ్తే అది ఎప్పటినుంచో ఉన్న నిబంధనే. ఆ పెద్దావిడకు ఎందుకంత టెన్షన్ పెట్టాలి? బాగా తిరిగిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా వాట్సాప్ 2020లో కట్టడి చేసింది, మరి వార్తలు రాసేవాళ్లే ఇలా రాస్తే ఎవరు ఆపాలి? ఇళ్ల వార్తలూ అంతే. 'అద్దెలు భగ్గుమన్నాయి' అంటారు, ఎక్కడ, ఎంత పెరిగాయో రాయరు. మీరైనా ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది మొదటి వాక్యంలోనే చెప్పండి.

– ఒక పాఠకురాలు